గొయ్యి దాటిన కప్ప

డాక్టరు పదకొండింటికి వస్తాడని కాంపౌండరు చెప్పాడు, గోడమీది గడియారం పది దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది, అంటే ఇంకో గంటసేపు ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో ఈ బల్లమీదే కూర్చోవాలి, కూర్చుంటుంది, దానికేం భాగ్యం, మూడు నెలలు ఇంట్లో కూర్చోలేదా. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని అప్పుడే కొనుక్కున్న వస్తువును చూసుకున్నట్టు చూసుకుంటోంది. బొటనవేలి మొదట్నుంచి మణికట్టు దాకా ఒక తెల్లటి గీత. వేలు మడిచింది. చాపింది. మళ్లీ మడిచింది. అనుకోవడమే ఆలస్యం, ముడుచుకుంటోంది. నిన్న మధ్యాహ్నం దాకా ఈ వేలు తన మాట వినడం లేదని నమ్మింది, నమ్మి ఊరుకుందా, కాగితం రాసి సంతకం కూడా పెట్టింది. కుడిచేతికి పూర్వపు వేగం రానందున తనను క్రేన్ మీంచి తప్పించి స్టోర్సులో ఏదో ఒక పని ఇప్పించమని. ఆ కాగితం ఇప్పుడు సూపర్‌వైజరు గారి బల్లమీద, పన్నెండింటికి పై ఆఫీసుకి వెళ్లే ఫైల్లో అన్నిటికన్నా పైన ఉంది. పొద్దున్నే వెళ్లి వెనక్కి ఇమ్మంటే ఆయన కళ్లజోడు నుదుటిమీదికి తోసి, "నిన్న చెయ్యి పనిచెయ్యదన్నావు, ఇవాళ చేస్తుందంటున్నావు. రాత్రికి రాత్రి కొత్తది మొలిచిందా అమ్మా" అన్నాడు. ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. "డాక్టరు బాగుందని రాసిస్తే నీ కాగితం నీకిచ్చేస్తా. లేదంటే పన్నెండింటికి పైకి పోతుంది. పోయిందా, నీ క్యాబిన్ కొత్తాయనదే. తర్వాత నేను చెప్పినా వినేవాళ్లుండరు." సరే సార్ అంది. నిజానికి ఆ మాటకి గుండె గుభేలుమనాలి. అనలేదు. నిన్న సాయంత్రం నుంచి గుండె ఎక్కడిదక్కడ కుదురుగా ఉంది.

కిటికీలోంచి మూడో షెడ్డు కప్పు కనిపిస్తోంది, లోపలేం జరుగుతోందో కనపడదు, వినపడుతుంది, ఆమెకి వినపడితే చాలు. అదిగో గంట మోగింది. క్రేన్ కదిలింది. దూలాల కట్ట లేచి ఉంటుంది, కింద సైగలాయన మెడ వెనక్కి విరుచుకుని వేళ్లు గాల్లో తిప్పుతూ ఉంటాడు, ఇంకా, ఇంకా, చాలు, ఆపు. ఆగింది. అంత గట్టిగా ఆపుతారా నాయనా, బరువు ఊగదూ, ఊగింది, గొలుసులు టకటకమన్నాయి. తన బదులు క్రేన్ ఎక్కిన కొత్తాయన చెడ్డవాడేం కాదు, ఉత్త తొందర మనిషి, లివరు లాగీ లాగగానే హుక్కు వచ్చి ముందు నిలబడాలంటాడు. ఎక్కడ వస్తుంది. ముందు మోటారు గుర్రుమంటుంది, ఆ తర్వాత చక్రాలు, ఆ తర్వాత తాళ్లు, అందరికన్నా ఆఖర్న తీరిగ్గా బరువు. ఈ వరుస తెలియక మొదటిరోజు ఆమె లివరుని పీకిపారేసినంత పని చేస్తే, పని నేర్పే పెద్దాయన వెనక స్టూలు మీంచి లేవకుండానే, "యంత్రానికి ఓ క్షణం ఇవ్వమ్మా. ఇచ్చాక కూడా రాకపోతే అప్పుడు తిడుదువు గాని" అన్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఇస్తూనే ఉంది. షెడ్డులో వాళ్లందరికీ ఆమె 'పైనక్క', వాళ్ల తలలమీద నాలుగు టన్నుల ఇనుము మోసుకుంటూ పోయే మనిషి, పైనక్క వస్తోందంటే పక్కకి తప్పుకునేవాళ్లే గానీ తలెత్తి చూసేవాళ్లు లేరు, చూడక్కర్లేదని వాళ్ల ధీమా. అంత తెలిసిన మనిషి ఇంట్లో ఒక లాప్‌టాప్‌కి ఆ క్షణం ఇవ్వలేకపోయింది. సిగ్గుచేటు కాదూ. సిగ్గేం వెయ్యడంలేదు మరి. కాళ్లు చాపుకుని ఈల వెయ్యాలని ఉంది, కాంపౌండరు ఏమనుకుంటాడోనని మానేసింది.

గాజు గ్లాసు. అంతే, ఒక్క గాజు గ్లాసు. కడుగుతుంటే చేతిలోనే పగిలింది, అంత నెత్తురు తనలో ఉందని అప్పుడే తెలిసింది, నరం తెగిందన్నారు, కుట్టారు, ఆరువారాలు అట్టముక్క కట్టి చెయ్యి కదపొద్దన్నారు. అట్ట విప్పిన రోజున బొటనవేలు ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి పిసకమంది, బట్టల క్లిప్పులు నొక్కమంది, పది రోజులయ్యాక ఆమె మొహంలో విసుగు చూసి, "ఇంట్లో వీడియోగేములేమైనా ఉన్నాయా అండీ, ఆ మీటలు నొక్కితే మంచి వ్యాయామం" అంది. వ్యాయామం అంది, అంతే. పరీక్ష అనలేదు. దాన్ని పరీక్ష చేసుకున్నది తను. తమ్ముడి దగ్గర పాత ఆటల పెట్టె ఒకటి అటక మీద ఉంటే తెచ్చి ఇచ్చాడు. ఇవ్వడం బాగానే ఉంది, ఇంట్లో టీవీ ఏదీ, అది అంతకు ముందు ఏడాదే పిడుగుపాటుకి పోయింది, పోయాక ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చూసుకుని ఇద్దరూ మళ్లీ కొనకుండా ఊరుకున్నారు. "లాప్‌టాప్ ఉందిగా, దానిదీ తెరే కదా" అన్నాడు భర్త. ఆయన పుస్తకాల ప్రూఫులు దిద్దుతాడు, పగలంతా ఆ తెర ముందే, నాలుగొందల పేజీల్లో ఒక్క సున్నా తప్పిపోయినా పట్టుకుంటాడు. ఆటల పెట్టె నుంచి హెచ్‌డీఎంఐ వైరు తెచ్చి లాప్‌టాప్ పక్కనున్న కంతలో పెట్టాడు, సరిగ్గా పట్టింది, పట్టింది కాబట్టి పనిచెయ్యాలని ఆయన వాదన. రెండు సాయంత్రాలు ఇద్దరూ ఎదురుగా కూర్చుని తెర మీద ఆయన దిద్దాల్సిన వ్యాకరణం పుస్తకాన్నే చూస్తూ ఉన్నారు. తీసి ఊదాడు, తుడిచాడు, లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాడు. మూడోరోజు తమ్ముడొచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. "బావా, ఆ కంత బొమ్మని బయటికి పంపేదే గానీ లోపలికి తీసుకునేది కాదు. నువ్వెన్నాళ్లు కూర్చున్నా అది తీసుకోదు." వారం తిరక్కుండా అగ్గిపెట్టెంత నల్లడబ్బా ఒకటి పట్టుకొచ్చాడు, క్యాప్చర్ కార్డు అంటారట, ఆటల పెట్టె వైరు దానికి ఒకవైపు, ఇంకోవైపు అది లాప్‌టాప్‌కి. తెర మీద బూట్లేసుకున్న కప్ప ఒకటి ప్రత్యక్షమైంది. ఇంటిల్లిపాదీ, అంటే ఇద్దరే, చప్పట్లు కొట్టారు.

ఆ కప్ప ఎంత ఏడిపించింది. మొదటి రెండు అంకాలు పసిపిల్లలైనా ఆడతారు, ఆకులు, రాళ్లు, అన్నీ ముందే కనిపిస్తుంటాయి, దూకొచ్చు. మూడోదాంట్లోనే అసలు సంగతి. కప్ప నడుస్తుంటే కాళ్లకింద నేల ఉన్నట్టుండి పగులుతుంది, పగలగానే మీట నొక్కాలి, నొక్కితే దూకుతుంది, లేకపోతే గోతిలో. ఆమె నొక్కేది. కప్ప ముందు గోతిలోకి కాలు పెట్టి, ఆ తర్వాత గాల్లోకి లేవబోయి, పడేది. నొక్కాను కదా. నొక్కావు, ఆలస్యంగా. మళ్లీ. మళ్లీ ఆలస్యంగా. రోజుకి వందసార్లు ఆడి, ఎన్నిసార్లు పడిందో క్యాలెండరు వెనక రాసుకునేది, తొంభై నాలుగు, తొంభై ఆరు, తొంభై అయిదు. బంతి పిసకడంలో బలం పెరుగుతోంది, గుండీలు పెట్టుకుంటోంది, కూరలు తరుగుతోంది, ఫిజియోథెరపీ అమ్మాయి భేషుగ్గా ఉందంటోంది, కప్ప మాత్రం పడుతూనే ఉంది. కప్పకి మొహమాటం లేదు కాబట్టి అదే నిజం చెబుతోందనుకుంది. ఒకరోజు కంట్రోలర్ని తిప్పి పట్టుకుని ఎడమచేత్తో నొక్కి చూసింది, అదీ పడింది, ఎడమచెయ్యి కదా, ఎడమచేతికి ఏం వస్తుందని సరిపెట్టుకుంది. చూశావా, నిజం వచ్చి ఒళ్లో కూర్చుంటే లేపి పక్కన పెట్టింది. భయంలో ఉన్న మనిషి అంతే, తనకి చెడు చెప్పేవాళ్ల మాటే వింటుంది. కళ్లు మూసుకుంటే మూడో షెడ్డు. తను లివరు వదలాలని అనుకుంటుంది, వేలు ఒక్క క్షణం తర్వాత వదులుతుంది, ఆ క్షణంలో దూలాల కట్ట ఇంకో మూర ముందుకి పోతుంది, ఆ మూరలో సైగలాయన ఉంటాడు. నిలబడ్డ చోటు నుంచి కదలడు ఆయన. పైనక్క కదా అనుకుంటాడు. ఆయనకి ఇద్దరు మనవరాళ్లు, వాళ్ల పాలపళ్లు ఊడిన ఫొటో హెల్మెట్ లోపల అంటించుకున్నాడు. ఆ ఫొటో గుర్తొచ్చినప్పుడల్లా కళ్లు తెరిచి మళ్లీ కంట్రోలర్ అందుకునేది. సెలవు అయిపోతోంది, వచ్చే సోమవారం పైకెక్కాలి, ఎవరితోనూ చెప్పలేదు, ఏమని చెబుతుంది, కప్ప పడుతోందనా. మొన్న నూటికి తొంభై అయిదు. నిన్న పొద్దున్న షెడ్డుకి వెళ్లి కాగితం ఇచ్చేసింది. ఇచ్చి బయటికొచ్చి క్రేన్ వైపు చూడకుండా నడిచింది. పంతొమ్మిదేళ్లు కూర్చున్న కుర్చీని ఎవరో లాక్కోలేదు, తనే లేచి ఇచ్చేసింది, ఇవ్వడం మంచిదేనని తెలుసు, తెలిసినా ఏడుపు ఆగలేదు. బస్సులో పక్కావిడ ఏమైందమ్మా అంటే పంటినొప్పి అని చెప్పింది.

కాంపౌండరు వచ్చి కిటికీ తెరిచాడు. పదిన్నర. బల్లమీద ఇంకో ఇద్దరు చేరారు, ఒకాయన వేలికి కట్టు, ఒకాయన దగ్గు. దగ్గాయన "పైనక్కా, ఎప్పుడొస్తావు, కొత్తాయన మమ్మల్ని పరిగెత్తిస్తున్నాడు" అన్నాడు. "వస్తానయ్యా" అంది. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. నిన్న పొద్దున్న అయితే అడిగినవాణ్ని తప్పించుకుని పోయేది.

నిన్న ఇంటికి చేరేసరికి ఒంటిగంట. తలుపుకి గడియ వేసి లేదు, చెప్పులు బయటే విడిచి నెట్టింది, ఆయనకి వినపడలేదు. బల్లమీద ప్రూఫుల కట్ట పక్కకి నెట్టి ఉంది. లాప్‌టాప్ ముందు వీపు వంచుకుని, నాలుక పళ్లమధ్య పెట్టుకుని, కంట్రోలర్ని రెండు చేతులతో గుండెలకి హత్తుకుని ఆయన కప్పని నడిపిస్తున్నాడు. ముందు ఒళ్లు మండింది. నేనక్కడ బతుకు తెగ్గొట్టుకుని వస్తే ఈయనకి ఆటలా. వెనక నిలబడింది. నేల పగిలింది. ఆయన బొటనవేలు నొక్కింది, ఆమె చూసింది, కళ్లతో చూసింది, పగలడం, నొక్కడం, రెండూ ఒక్కసారే. కప్ప గోతిలో కాలు పెట్టి, ఆ తర్వాత లేవబోయి, పడింది. మళ్లీ. మళ్లీ అంతే. ఆ వేలు ఏ గాజూ తగలని వేలు, పుట్టినప్పట్నుంచీ ఒక్క గీత పడని వేలు, రోజంతా టైపు కొట్టే వేలు.

"ఎన్నాళ్ల నుంచి ఆడుతున్నారు మీరు" అంది.

ఆయన ఉలిక్కిపడి కంట్రోలర్ కింద పెట్టాడు, దొంగ దొరికినట్టు మొహం. "నెల్లాళ్ల నుంచి. నువ్వు పడుకున్నప్పుడు. నేను దాటి చూపిస్తే నీకు కాస్త ధైర్యంగా ఉంటుందని. ఒక్కసారి దాటితే ఒట్టు. ఈ గొయ్యి నావల్ల కావట్లేదు."

"నాతో చెప్పలేదేం."

"ఎలా చెప్పను. నేనూ పడుతున్నానంటే నీకోసం కావాలని పడుతున్నానంటావు. పెళ్లయిన కొత్తలో పేకాటలో ఓడిపోయి చూపిస్తే వారం రోజులు మాట్లాడావా నాతో."

మాట్లాడలేదు. నిజమే. అప్పటి కోపం ఆయన ఇరవై రెండేళ్లుగా జాగ్రత్తగా దాచుకున్నాడు, దాచుకుని నెల్లాళ్లపాటు ఒక్కడే కూర్చుని గోతిలో పడ్డాడు. ఆటలు తనకి రావు కాబట్టి పడుతున్నానని ఆయన, వేలు పాడైంది కాబట్టి పడుతున్నానని తను, ఒకే ఇంట్లో, ఒకే గొయ్యి. నాలుగొందల పేజీల్లో సున్నా పట్టుకునే మనిషి. పైనుంచి చూసి అంగుళం లెక్కన ఇనుము దించే మనిషి. ఇద్దరికీ కలిపి ఒక్క తెలివి లేకపోయింది. తమ్ముడికి ఫోను చేసింది. వాడు ఏదో నములుతూ తీరిగ్గా చెప్పాడు. "ఆ డబ్బా చవకదక్కా. బొమ్మ దాంట్లోంచి లాప్‌టాప్‌లోకి వెళ్లేసరికి కాస్త టైము పడుతుంది. నువ్వు నొక్కినప్పుడే అది దూకుతుంది, తెర నీకు తర్వాత చూపిస్తుంది. నేల పగలడం కూడా లేటుగానే చూస్తున్నావు నువ్వు. ఎవరు ఆడినా పడాల్సిందే." చెప్పలేదేంరా అంటే, "వేళ్లు కదపడానికి కదా అన్నావు. పందేలు కాస్తున్నావని నాకేం తెలుసు" అన్నాడు. తిట్టాలి వాడిని. ఎదురుగా ఉంటే నెత్తిన పెట్టుకునేది.

అయినా చెవితో విన్నది చాలలేదు. ఏదైనా టీవీకి పెట్టి చూడాలి, ఇప్పుడే, ఈ క్షణమే. కింది అంతస్తులో పళ్ల డాక్టరమ్మ క్లినిక్కు, రోగులు కూర్చునే గదిలో గోడకి ఇంత టీవీ. ఆయన ఆటల పెట్టె చంకలో పెట్టుకుని, ఆమె వైర్లు మెళ్లో వేసుకుని మెట్లు దిగారు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి ముందు వద్దంది, తర్వాత ఈవిడ మొహం చూసి ఏమనుకుందో, పది నిమిషాలే అంది. వార్తలు చదువుతున్న ఆవిడ మాయమై బూట్లేసుకున్న కప్ప వచ్చింది. బుగ్గ వాచిన పెద్దాయన ఒకడు, నోట్లో దూది పెట్టుకున్న కాలేజీ అమ్మాయి, చెయ్యి దవడకి ఆనించుకున్న లారీ డ్రైవరు, అందరూ చూస్తున్నారు. నేల పగిలింది. ఆమె నొక్కింది. కప్ప దూకింది. అంతే. వేలూ కప్పా ఒక్కటే అన్నట్టు. రెండో గొయ్యి, దూకింది. మూడోది. పన్నెండోది. బుగ్గ వాచిన పెద్దాయన నోరు తెరవలేక ముక్కుతోనే శభాష్ అన్నాడు. ఆమె ఆడుతూనే ఏడ్చింది, కళ్లు మసకలైనా కప్ప పడలేదు, పక్కన ఆయన గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి నేలమీద కూర్చుండిపోయాడు. "బాగా నొప్పిగా ఉందా అమ్మా" అని లారీ డ్రైవరు అడిగాడు. "లేదన్నా, అస్సలు లేదు" అంది.

పావుతక్కువ పదకొండు. స్పిరిట్ వాసన. రాత్రి ఎంత నిద్ర పట్టిందని, మూడు నెలల బాకీ ఒక్క రాత్రిలో తీరింది, ఆయన లేపితే గానీ లేవలేదు. మధ్యలో ఒక్కసారి మెలకువ వచ్చి, టీవీయే తొందరపడిందేమో, నన్ను ఊరుకోబెట్టడానికి అందరూ కలిసి ఏదో చేశారేమో అని అనుమానం వచ్చింది, వచ్చిన అనుమానానికే నవ్వొచ్చి అటు తిరిగి పడుకుంది. ఇప్పుడు మళ్లీ చిన్నగా తొంగిచూస్తోంది అది. డాక్టరు ఏం చూస్తాడో. ఆయన చెయ్యి పట్టుకుని పెదవి విరిస్తే. విరవనీ, ఇంకో డాక్టరు దగ్గరికి పోతుంది, కానీ పన్నెండింటికి ఫైలు పోతుంది కదా. షెడ్డులో గొలుసులు మళ్లీ టకటకమన్నాయి. దగ్గాయన అటు చూసి తల అడ్డంగా ఊపాడు. సైగలాయన ఈపాటికి ఎన్నిసార్లు పక్కకి దూకి ఉంటాడో. వెళ్లి చెప్పాలి ఆయనకి, ఏమీ చెప్పక్కర్లేదు, పైకెక్కి గంట మోగిస్తే చాలు, మోత విని ఎవరు మోగించారో చెప్పేస్తాడు. ఒకవేళ ఈ చెయ్యి నిజంగానే వెనకపడి ఉంటే ఆ కాగితం తను వెనక్కి అడిగేది కాదు. అది మాత్రం ఖాయం. రాసినందుకు ఇప్పుడు కూడా చింతలేదు. తనమీద తనకి ఒక గౌరవం లాంటిది కలిగింది, బల్లమీద కాస్త నిటారుగా కూర్చుంది.

డాక్టరు వచ్చాడు, చేతిసంచి బల్లమీద పెట్టాడు, ముందు ఈమెనే పిలిచాడు. కుట్ల గీత మీద వేలితో రాశాడు, తెలుస్తోందా అన్నాడు, తెలుస్తోందంది. తన రెండు వేళ్లిచ్చి పిసకమన్నాడు, పిసికితే చాలు చాలు అని లాక్కున్నాడు. బల్లమీద చిల్లర పోసి ఒక్కొక్కటే తియ్యమన్నాడు, తీసింది. "బలం ఉంది. మరి వేగం లేదని నువ్వే రాశావట?" అన్నాడు. కప్ప సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, "తప్పు రాశాను సార్, మీరే చూడండి" అంది. ఆయన చుట్టూ చూసి, సొరుగు లాగి, అడుగు పొడవు ఇనుప స్కేలు ఒకటి తీశాడు. నిలువుగా పట్టుకుని, కింది కొస ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేలాడదీశాడు. "నేనెప్పుడు వదులుతానో చెప్పను. వదలగానే పట్టుకో" అన్నాడు.

మధ్యలో వైరు లేదు, డబ్బా లేదు, తెర లేదు. ఒక స్కేలు, ఒక చెయ్యి. ఆయన కిటికీలోకి చూస్తూ ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు, ఇంకా వదల్లేదు, ఇంకా, వదిలాడు.

పట్టుకుంది.

డాక్టరు వంగి స్కేలు ఎన్ని సెంటీమీటర్లు జారాక పట్టుకుందో చూశాడు, ఎంత తక్కువైతే వేలు అంత చురుకన్నమాట. పద్నాలుగు. మళ్లీ వదిలాడు, పదమూడు. మూడోసారి మళ్లీ పద్నాలుగు. "ఎడమది ఇవ్వు." ఎడమచేత్తో పద్దెనిమిది. "కుట్టిన చెయ్యే నయంగా ఉందే" అని గొణుక్కుంటూ కూర్చుని కాగితం లాక్కున్నాడు, క్రేన్ నడుపుటకు అర్హురాలు అని రాశాడు, తేదీ వేశాడు, ముద్ర గుద్దాడు. "పట్టుకెళ్లి మీ సూపర్‌వైజరుకి ఇవ్వు. పదకొండూ పది అయింది, ఇంకా బోలెడు టైముంది."

ఆమె కాగితం తీసుకుంది. మడిచి రవికలో పెట్టుకుంది. లేవలేదు.

"ఇంకొక్కసారి వదలండి సార్."

"అయిపోయిందమ్మా. రాసేశాను."

"తెలుసు సార్. ఊరికే."

బయట ఇద్దరు కూర్చుని ఉన్నారు, దగ్గు వినపడుతోంది. డాక్టరు గడియారం చూశాడు, చాచి పట్టుకున్న ఆ రెండు వేళ్లనీ చూశాడు, స్కేలు తీసి మళ్లీ పైకెత్తి పట్టుకున్నాడు.